రిఫరీ మీద వేలెత్తే ముందు
(సమ్మావాచా గురించి ఒక ధమ్మ ప్రసంగం)

పంచశీలలో నాలుగో శీలం మనందరికీ నోటికి వచ్చు. అబద్ధం ఆడను అని విహారంలో చేతులు జోడించి చెప్తాం. అష్టాంగ మార్గంలో సమ్మావాచా అని మళ్ళీ అదే మాట వస్తుంది. ఇది పాటించడం ఇంట్లో, బజార్లో కొంత తేలికే. ఓడిపోయిన రోజున, కోపం నెత్తికెక్కినప్పుడు, ఎదురుగా పది మైకులు పెట్టినప్పుడు పాటించడం కష్టం. అందుకని ఈసారి ఈ శీలాన్ని ఫుట్‌బాల్ మైదానం దగ్గరికి తీసుకెళ్ళి చూద్దాం.

ధమ్మ పుస్తకంలో ఫుట్‌బాల్ ఏంటని పెద్దవాళ్ళు అడగొచ్చు. మన వాడల్లో పిల్లలు అర్ధరాత్రి దాకా ఫోన్లలో ఇంగ్లాండు, స్పెయిన్ మ్యాచ్‌లు చూస్తున్నారు. ఆటతో పాటు ఆట అయిపోయాక మేనేజర్లు మాట్లాడే మాటలూ వింటున్నారు. మేనేజర్ అంటే అక్కడ జట్టును ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, నడిపించే మనిషి. ఓడిపోగానే చాలామంది మేనేజర్లు చేసే మొదటి పని రిఫరీని తిట్టడం. రిఫరీ అమ్ముడుపోయాడంటారు, మా మీద పగబట్టాడంటారు. లక్షల మంది ఆ మాట వింటారు, నమ్ముతారు. అట్లాంటి మాటను ఆటను నడిపే పెద్దలు ఎట్లా చూడాలి? ఊరుకోవాలా? శిక్షించాలా? అసలు ఎవరూ ఏమీ అనకుండా నోళ్ళు మూయించాలా?

ఇది ఆటకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. తీర్పు చెప్పేవాడి గురించి ఎట్లా మాట్లాడాలి అన్న ప్రశ్న. తరతరాలుగా ఏకపక్ష తీర్పులకు బలైన మనకు ఇది బాగా తెలియాల్సిన సంగతి.

ముందు జరిగిన ఒక సంగతి చెప్తాను.

2005 ఫిబ్రవరి 23. స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్. ఇంగ్లాండు జట్టు చెల్సీ, బార్సిలోనా జట్టు ఆడుతున్నాయి. రిఫరీ స్వీడన్ దేశస్థుడు ఆండర్స్ ఫ్రిస్క్. రెండో సగంలో చెల్సీ ఆటగాడు డ్రోగ్బాకు ఎర్ర కార్డు చూపించి బయటికి పంపాడు. బార్సిలోనా 2-1తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక చెల్సీ వైపు నుంచి ఒక ఆరోపణ వచ్చింది. విరామ సమయంలో బార్సిలోనా కోచ్ రైకార్డ్ రిఫరీ గదిలోకి వెళ్ళాడనీ, అందుకే రెండో సగంలో ఇట్లా జరిగిందనీ అర్థం వచ్చేట్టు చెల్సీ మేనేజర్ జోసే మొరీన్యో మాట్లాడాడు.

ఆ మాట దావానలంలా పాకింది. ఫ్రిస్క్‌కూ, ఆయన ఇంటివాళ్ళకూ చంపుతామని బెదిరింపులు వచ్చాయి. మార్చి నెలలో ఆయన విజిల్ పక్కన పెట్టేశాడు. భయంగా ఉంది, ఇక ఎప్పుడూ మైదానంలో అడుగు పెట్టను అన్నాడు. అప్పటికి ఆయన వయసు 42. యూరప్ దేశాల ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ విచారణ జరిపి, ఆ ఆరోపణకు ఆధారం లేదని తేల్చింది. మొరీన్యోకు రెండు మ్యాచ్‌ల నిషేధం, 20,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. క్లబ్బుకు 75,000 ఫ్రాంకులు వేశారు. ఇంతలో రెండో మ్యాచ్ కూడా అయిపోయింది, చెల్సీ ముందుకు వెళ్ళిపోయింది. ఫ్రిస్క్ మాత్రం మళ్ళీ రాలేదు.

ఆలోచించండి. ఆ మేనేజర్ ఎవరినీ కొట్టలేదు. ఎవరినీ కొట్టమని చెప్పలేదు. ఒక మాట అన్నాడంతే. కానీ ఒక మనిషి జీవనం మారిపోయింది. వాక్కు కూడా కర్మే అని బుద్ధుడు ఎందుకన్నాడో ఇక్కడ కనపడుతుంది. నోరు జారినవాడికి రెండు మ్యాచ్‌లు, మాట పడ్డవాడికి జీవితాంతం.

బంధువులారా, సరిగ్గా ఇట్లాంటి వ్యవహారమే భగవాన్ బుద్ధుని కాలంలో రాజగృహంలో జరిగింది. వినయ పిటకంలో ఉంది.

దబ్బ మల్లపుత్త అని ఒక భిక్షువు. వచ్చిన భిక్షువులకు బస ఏర్పాటు చేయడం, ఎవరు ఏ ఇంటికి భోజనానికి వెళ్ళాలో చెప్పడం ఆయన పని. తానే ముందుకొచ్చి అడిగితే సంఘం కూర్చుని ఆయన్ని నియమించింది. ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, సుత్తాలు వల్లించేవాళ్ళను ఒకచోట, వినయం చర్చించేవాళ్ళను ఒకచోట, ధ్యానం చేసేవాళ్ళను ఒకచోట ఉంచేవాడు. ఒకరి వల్ల ఇంకొకరికి ఇబ్బంది రాకూడదని.

మెత్తియ, భుమ్మజక అనే ఇద్దరు భిక్షువులూ, వాళ్ళ గుంపూ ఉండేవాళ్ళు. వాళ్ళకు ఎప్పుడూ నాసి బస, నాసి తిండి వచ్చేది. ఒకసారి మంచి భోజనం పెడతాడని పేరున్న ఒక గృహస్థుడి ఇల్లు వాళ్ళ వంతుకు వచ్చింది. వచ్చేది వీళ్ళని తెలిసి, ఆ గృహస్థుడే వీళ్ళకు నూకల అన్నం, పుల్లటి గంజి పెట్టించాడు. దబ్బుడే అతనికి మన మీద చెప్పి ఉంటాడని వీళ్ళు అనుకున్నారు. ఒక భిక్షుణి చేత ఆయన మీద ఘోరమైన అబద్ధపు నింద వేయించారు.

బుద్ధుడు ఏం చేశాడు? నాకు దబ్బుడు తెలుసు, నింద కొట్టేస్తున్నా అనలేదు. ఇంత పెద్ద నింద వచ్చింది కదా, ముందు ఇతన్ని తప్పించండి అనీ అనలేదు. సంఘాన్ని సమావేశపరిచాడు. దబ్బుణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగాడు. నింద వేయించినవాళ్ళనూ విచారించమన్నాడు. తామే అనిపించామని వాళ్ళు ఒప్పుకున్నారు. అప్పుడు నియమం పెట్టాడు: ఆధారం లేకుండా, కోపంతో, ఒక భిక్షువు బతుకును పోగొట్టాలని ఘోరమైన నింద వేస్తే అది సంఘాదిసేస దోషం. భిక్షువుకు సంఘం నుంచి వెళ్ళగొట్టే దోషాల తర్వాత అంత పెద్ద దోషం అదే.

అదే దబ్బుడి పేరు మీద ఇంకో నియమం కూడా ఉంది. అదీ మనకు కావలసింది. దబ్బుడు తనకు ఇష్టమైనవాళ్ళకే మంచి బస ఇస్తున్నాడని ఆ గుంపు నలుగురిలో ఆడిపోసుకున్నారు. సంఘం నియమించిన మనిషిని అట్లా బద్నాం చేయడం దోషమని బుద్ధుడు నియమం పెట్టాడు. వాళ్ళు తెలివైనవాళ్ళు. సరే, ఎవరికీ చెప్పం అని, పక్కన ఉన్నవాళ్ళకు వినపడేట్టు గొణగడం మొదలుపెట్టారు. అప్పుడు ఆ గొణుగుడు కూడా దోషమే అని నియమాన్ని విస్తరించాడు.

ఇది ఇవాళ టీవీల్లో చూడటం లేదా? 2014 మార్చిలో ఆస్టన్ విల్లా చేతిలో ఓడిన రోజున ఇదే మొరీన్యో, నేను మాట్లాడను, మాట్లాడితే పెద్ద చిక్కులో పడతాను అన్నాడు. ఏమీ అనలేదన్నట్టే ఉంటుంది, అనాల్సిందంతా అందరికీ అందుతుంది. ఆ మాట ఇప్పటికీ ఫోన్లలో నవ్వులాటగా తిరుగుతూనే ఉంది. గొణిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఇంతవరకు విని, అయితే పెద్దల్ని ఏమీ అనకూడదన్నమాట అనుకుంటే పొరపాటు. ఆ నియమం కిందే ఒక మినహాయింపు ఉంది. నియమితుడైన మనిషి అలవాటుగా నాలుగు అగతుల చేత నడుస్తుంటే, అతన్ని విమర్శించినవాడికి దోషం లేదు. నాలుగు అగతులు ఏవి? ఛందం, అంటే తనవాళ్ళ మీద పక్షపాతం. ద్వేషం. మోహం, అంటే తెలియనితనం. భయం. ఈ నాలుగు దారుల్లో పోయేవాడు చెడు చేస్తాడని అదే రాజగృహంలో గృహస్థుల బిడ్డ సిగాలకుడికి కూడా బుద్ధుడు బోధించాడు. కాబట్టి ఇది భిక్షువులకే కాదు, మనకూ చెందిన మాట.

చూడండి ఎంత న్యాయమైన కొలతో. పదవిలో ఉన్నాడు కాబట్టి గౌరవించు అనలేదు. అగతి లేకుండా పనిచేస్తున్నాడు కాబట్టి బద్నాం చేయకు అన్నాడు. పదవికి రక్షణ లేదు, నిష్పక్షపాతానికి రక్షణ ఉంది.

ఈ మినహాయింపు ఎందుకు కావాలో కూడా అదే 2005 సంవత్సరం చూపించింది. జర్మనీలో రాబర్ట్ హోయ్జర్ అనే రిఫరీ జూదగాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని మ్యాచ్‌లు తారుమారు చేశాడు. 2004 ఆగస్టులో జర్మన్ కప్‌లో హాంబర్గ్ పెద్ద జట్టు, పాడర్‌బోర్న్ చిన్న జట్టు. హాంబర్గ్ 2-0తో ముందుంది. హోయ్జర్ ఎదుటి జట్టుకు రెండు పెనాల్టీలు ఇచ్చాడు, హాంబర్గ్ ఆటగాణ్ణి ఒకణ్ణి బయటికి పంపాడు. హాంబర్గ్ 2-4తో ఓడింది. ఆ అక్టోబర్‌లో వాళ్ళ మేనేజర్ టోప్‌మోలర్ ఉద్యోగం పోయింది. అంటే ఇక్కడ మేనేజర్‌కు నిజంగానే అన్యాయం జరిగింది. ఈ గుట్టు బయటపెట్టింది ఎవరు? తోటి రిఫరీలే నలుగురు జర్మన్ ఫుట్‌బాల్ సంఘానికి తెలియజేశారు. విచారణ జరిగింది. హోయ్జర్‌కు రెండు సంవత్సరాల ఐదు నెలల జైలు శిక్ష పడింది.

ఒకే ఏడాది, రెండు దేశాలు. ఒకచోట ఆధారం లేని మాట మైకులో పడి ఒక నిర్దోషిని బయటికి తరిమింది. ఇంకోచోట ఆధారం ఉన్న మాట చేరాల్సిన చోటికి చేరి దోషిని పట్టించింది. రెండూ ఆరోపణలే. ధమ్మం తేడా చూపేది ఇక్కడే.

మనకు ఇంకా దగ్గరైన ఉదాహరణ ఒకటుంది. 2023 మే 21న స్పెయిన్‌లోని వలెన్సియా మైదానంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్ జూనియర్‌ను ప్రేక్షకులు కొందరు కోతి అని అరిచారు. ఆయన బ్రెజిల్ నుంచి వచ్చిన నల్లజాతి యువకుడు. ఎవరు అన్నారో వేలెత్తి చూపించాడు. ఆట కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది. చివర్లో ఆటగాళ్ళ మధ్య తోపులాటలో ఎర్ర కార్డు ఆయనకే పడింది. ఆయన మెడ పట్టుకున్న దృశ్యం వీడియో గదిలోంచి రిఫరీకి చూపించలేదు. మేనేజర్ అన్సెలోట్టి ఆ రాత్రి ఆట గురించి మాట్లాడటానికి ఇష్టపడలేదు. అక్కడ జరిగిన జాతి దూషణ గురించే మాట్లాడాడు, ఈ లీగ్‌లో సమస్య ఉందన్నాడు. తర్వాత స్పెయిన్ ఫుట్‌బాల్ సంఘం ఆ ఎర్ర కార్డును రద్దు చేసింది. ఆ మైదానంలో ఒక వైపు గ్యాలరీని ఐదు మ్యాచ్‌లకు మూసింది, అప్పీలులో అది మూడుకు తగ్గింది. 2024 జూన్‌లో ముగ్గురు ప్రేక్షకులకు కోర్టు ఎనిమిది నెలల శిక్ష వేసింది.

అన్సెలోట్టి నోరు మూసుకుని ఉంటే అది సమ్మావాచా అయ్యేదా? కాదు గదా. బావి దగ్గర, గుడి దగ్గర, హాస్టల్లో, ఆఫీసులో "ఎందుకు గొడవ, సర్దుకుపో" అన్న మాట విని విని పెరిగిన వాళ్ళం మనం. అన్యాయం జరుగుతుంటే ఊరుకోమనేది ధమ్మం కాదు. అందుకే రిఫరీని ఎవరూ ఏమీ అనకూడదని గంపగుత్తగా నోళ్ళు కట్టేసే నియమం పెడితే దాన్ని మనం మెచ్చుకోలేం. ఆ నియమం కింద ముందు నలిగేది బలహీనుడే.

మరి ఏ మాట సరైనది? అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పిన కొలత ఉంది. రాజకుమారుడి ఒడిలో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ నోట్లో పుల్లో, రాయో పెట్టుకుంటే ఏం చేస్తావు అని బుద్ధుడు అడిగాడు. నెత్తురు వచ్చినా సరే వేలు పెట్టి తీస్తానన్నాడు రాజకుమారుడు, బిడ్డ మీద దయతో. కటువైన మాట కూడా అట్లాంటిదే. అది నిజమైతే, మేలు చేసేదైతే, తగిన సమయం చూసి చెప్పాలి. నిజం కానిదాన్ని ఎప్పుడూ చెప్పకూడదు. నిజమైనా మేలు లేనిదాన్ని చెప్పకూడదు. ఒకరి తప్పు ఎత్తిచూపేవాడు ఐదు చూసుకోవాలని సంఘానికి కూడా చెప్పాడు: సమయం, సత్యం, మృదుత్వం, ప్రయోజనం, మైత్రి.

ఈ ఐదింటితో మేనేజర్ల మాటలు తూచి చూద్దాం.

2009 అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్, సండర్‌ల్యాండ్ మ్యాచ్ 2-2తో ముగిసింది. మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్, రిఫరీ అలన్ వైలీకి పరుగెత్తే ఒంట్లో సత్తువ లేదనీ, కార్డులు రాసే వంకతో అలుపు తీర్చుకున్నాడనీ అన్నాడు. ఇది ఏ నిర్ణయం గురించి? ఏదీ లేదు. మనిషి ఒళ్ళు గురించి. ఇక్కడ మృదుత్వమూ లేదు, మైత్రీ లేదు. నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది, అందులో రెండు అప్పటికి అమలు కాకుండా తలమీద వేలాడేట్టు. 20,000 పౌండ్ల జరిమానా. రెండేళ్ళు తిరగకుండానే, 2011 మార్చిలో ఇంకో రిఫరీ మీద మాట్లాడి మళ్ళీ ఐదు మ్యాచ్‌లు, 30,000 పౌండ్లు తెచ్చుకున్నాడు.

2023 సెప్టెంబర్ 30. లివర్‌పూల్, టోటెన్‌హామ్ మ్యాచ్. లివర్‌పూల్ కొట్టిన సరైన గోల్ ఒకటి లెక్కలోకి రాలేదు. వీడియో గదిలో ఉన్నవాళ్ళు, మైదానంలో గోల్ ఇచ్చారనుకుని, సరే, అయిపోయింది అన్నారు. మైదానంలో మాత్రం ఆఫ్‌సైడ్ అని ఇచ్చి ఉన్నారు. నమ్మలేని తప్పు. లివర్‌పూల్ 1-2తో ఓడింది. మేనేజర్ క్లాప్‌కు కోపం వచ్చింది, మ్యాచ్ మళ్ళీ ఆడించాలన్నాడు. కానీ అదే నోటితో, వాళ్ళెవరూ కావాలని చేయలేదు, అది మరవొద్దని కూడా అన్నాడు. చూశారా? తప్పును తప్పు అన్నాడు, మనిషికి దురుద్దేశం అంటగట్టలేదు.

ఇక పెద్దలు ఏం చేయాలి? సంఘం నడిచిన తీరు చూస్తే నాకు ఐదు పనులు కనపడుతున్నాయి.

మొదటిది, గీత స్పష్టంగా గీయాలి. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమం దీనికి దగ్గరగానే ఉంది. రిఫరీకి పక్షపాతం అంటగట్టడం, నిజాయితీని శంకించడం, వ్యక్తిగతంగా దూషించడం కూడదు. నిర్ణయం తప్పు అనడానికి అడ్డు లేదు. మ్యాచ్‌కు ముందే రిఫరీ గురించి మాట్లాడి ఒత్తిడి పెట్టడం కూడా కూడదు. నిర్ణయం మీద విమర్శ వేరు, మనిషి మనసు మీద నింద వేరు.

రెండోది, ఎదురుగా కూర్చోబెట్టి విచారించాలి. వినయంలో సమ్ముఖావినయం అని ఉంది. ఇరుపక్షాలూ ఉండగా, సంఘం ఉండగా తేల్చాలి. 2023 నవంబర్‌లో న్యూకాజిల్ చేతిలో ఓడాక ఆర్సెనల్ మేనేజర్ అర్టేటా ఇది సిగ్గుచేటు అన్నాడు. అసోసియేషన్ నేరం మోపింది. స్వతంత్ర కమిషన్ విని, నేరం రుజువు కాలేదని వదిలేసింది. కొందరికి అది నచ్చలేదు. కానీ నేరం మోపిన చేయి ఒకటి, తీర్పు చెప్పిన చేయి ఇంకొకటి కావడం మంచిదే. మోపిన ప్రతి నేరానికీ శిక్ష పడుతుందంటే అది విచారణ కాదు.

మూడోది, తమ తప్పు తాము ఒప్పుకోవాలి. లివర్‌పూల్ విషయంలో ఇంగ్లాండు రిఫరీల సంస్థ ఆ రాత్రే పెద్ద మానవ తప్పిదం జరిగిందని ఒప్పుకుంది. మూడు రోజులకు వీడియో గదిలో ఎవరేం మాట్లాడారో ఆ ఆడియోనే జనం ముందు పెట్టింది. దాచిపెట్టి ఉంటే కుట్ర అన్న మాట ఇంకా పెరిగేది. భిక్షువులు ఉపోసథం రోజున సంఘం ముందు తమ దోషం తామే చెప్పుకుంటారు. దానివల్ల సంఘం చిన్నబోలేదు, నిలబడింది.

నాలుగోది, అడగడానికి దారి తెరవాలి. 2024 యూరో కప్‌లో యూఈఎఫ్ఏ ఒక పద్ధతి పెట్టింది. జట్టంతా రిఫరీని చుట్టుముట్టకూడదు. కెప్టెన్ ఒక్కడే వచ్చి అడగాలి, రిఫరీ కారణం చెప్పాలి. 2023 మహిళల ప్రపంచ కప్‌లో వీడియో చూశాక రిఫరీలు తమ నిర్ణయాన్ని మైదానంలో అందరికీ వినపడేట్టు చెప్పారు. కారణం తెలిసినచోట అనుమానం తగ్గుతుంది. అడిగే దారి మూసేసి, గట్టిగా అరిచాడని శిక్షించడం న్యాయం కాదు.

ఐదోది, అందరికంటే కింద ఉన్న రిఫరీని కాపాడాలి. పెద్ద మేనేజర్లకు వేల పౌండ్ల జరిమానా అంటే చిల్లర డబ్బులు. బెంచి దగ్గరికి రానివ్వకుండా చేసే నిషేధమే కాస్త తగులుతుంది. మొరీన్యోకు 2005లో శిక్ష పడింది, 2016లో మ్యాచ్‌కు ముందే రిఫరీ ఆంథొనీ టేలర్ గురించి మాట్లాడినందుకు 50,000 పౌండ్లు పడ్డాయి. 2023 మేలో బుడాపెస్ట్‌లో యూరోపా లీగ్ ఫైనల్ ఓడాక, కార్లు ఆపే చోట అదే టేలర్‌ను తిట్టాడు. మర్నాడు ఆ ఊరి విమానాశ్రయంలో రోమా అభిమానులు టేలర్ మీద, ఆయన కుటుంబం మీద ఎగబడ్డారు. మేనేజర్‌కు నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. పద్దెనిమిదేళ్ళలో ఆ జరిమానాలు ఆయనకు ఏం నేర్పాయో మీరే చెప్పండి. శిక్ష ఉండాలి, పేరును బట్టి తగ్గకూడదు, మళ్ళీ మళ్ళీ చేసేవాడికి పెరగాలి. తిట్టినవాడు తన అభిమానుల ముందే, అదే మైకులో, నా మాట నిజం కాదని చెప్పేట్టు చేయాలి. విషం ఏ దారిలో పోయిందో మందూ ఆ దారిలోనే పోవాలి.

ఎందుకంటే పైన టీవీలో అన్న మాట కింద మట్టి మైదానం దాకా వస్తుంది. టర్కీలో 2023 డిసెంబర్ 11న ఒక క్లబ్బు అధ్యక్షుడు మ్యాచ్ అవగానే మైదానంలోకి వెళ్ళి రిఫరీ ముఖం మీద గుద్దాడు. కింద పడ్డవాణ్ణి ఇంకొందరు తన్నారు. దేశం మొత్తం లీగ్ మ్యాచ్‌లు ఆపేశారు, ఆ అధ్యక్షుణ్ణి శాశ్వతంగా నిషేధించారు. 2012 డిసెంబర్‌లో నెదర్లాండ్స్‌లో పిల్లల మ్యాచ్‌కు లైన్స్‌మన్‌గా ఊరికే సాయానికి నిలబడ్డ ఒక తండ్రిని ఎదుటి జట్టు కుర్రాళ్ళు కొట్టారు. ఆయన చనిపోయాడు. ఆయనకు జీతం లేదు, పేరు లేదు. ఆయన కొడుకు కూడా ఆ ఆటలో ఉన్నాడు. ఇంగ్లాండులో 2023 నుంచి కింది స్థాయి రిఫరీల ఛాతీకి కెమెరాలు పెట్టి చూస్తున్నారు. ఆదివారం పిల్లల ఆట ఆడించే మనిషికి కెమెరా కాపలా కావలసి వచ్చిందంటే, రిఫరీ మీద గౌరవం ఎంత అడుగంటిందో చూడండి.

బంధువులారా, బాబాసాహెబ్ ఈ విషయంలో మనకు దారి చూపించే పోయారు. 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదర్ చెరువు నీళ్ళు తాగాక మనవాళ్ళ మీద దాడి జరిగింది. తలలు పగిలాయి. మనవాళ్ళు వేలమంది ఉన్నారు, ఎదురు తిరగగలరు. బాబాసాహెబ్ ఆపారు. అదే ఏడాది డిసెంబర్‌లో మళ్ళీ సత్యాగ్రహానికి సిద్ధమైతే, కోర్టు తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు మనకు వ్యతిరేకం. అయినా సత్యాగ్రహం వాయిదా వేసి, కోర్టులోనే కొట్లాడారు. పదేళ్ళు పట్టింది. 1937లో బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ పదేళ్ళలో ఆయన నోరు మూసుకున్నారా? ఒక్కరోజు కూడా లేదు. రాశారు, మాట్లాడారు, హిందూ సమాజాన్ని ఎండగట్టారు. సాక్ష్యం చేత పట్టుకుని మాట్లాడారు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో కూడా అదే చెప్పారు. రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి ఉన్నప్పుడు వాటిని వదిలి ఇంకో దారి పట్టడానికి సమర్థన లేదన్నారు. అదే ప్రసంగంలో రాజకీయాల్లో వ్యక్తి పూజ పతనానికీ, నియంతృత్వానికీ దారి అని హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఆటకూ వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను. మా మేనేజర్ అన్నాడు కాబట్టి నిజమే అని లక్షలమంది ఒక రిఫరీ ఇంటి మీద పడటం భక్తి తప్ప ఇంకేమిటి? భక్తి ఉన్నచోట సాక్ష్యం అడిగేవాడు ఉండడు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఏప్రిల్ 14 వస్తోందంటే మన వాడల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు పెడతాం. బాబాసాహెబ్ ఫోటో పెట్టి, నీలి జెండా కట్టి ఆట మొదలుపెడతాం. అక్కడ అంపైరుగా నిలబడేది మనలోనే ఒక కుర్రాడు. ఓడిన జట్టు వాణ్ణి, వాడి తల్లిని కలిపి తిడితే ఆ జెండా కింద మనం ఏం నేర్పినట్టు? తల్లిపేరు ఎత్తి తిట్టే తిట్టులో స్త్రీ మీద ద్వేషం ఉంది, కులం పేరు ఎత్తే తిట్టులో మనువు ఉన్నాడు. మాలా, మాదిగా అని మనలో మనమే అంపైరు తీర్పుకు ఉపకులం అంటగడితే ఇంకా ఘోరం. అది నాలుగు అగతుల్లో మొదటిది.

అందుకని ఈసారి పోటీ పెట్టే సంఘం పెద్దలు నాలుగు పనులు చేయండి. అంపైరును ఆటకు ముందే ఇరు జట్ల ఒప్పుదలతో పెట్టండి, ఆడే జట్ల బంధువును పెట్టకండి. అడిగే హక్కు కెప్టెన్‌కు ఇవ్వండి, చెప్పే బాధ్యత అంపైరుకు ఇవ్వండి. ఫిర్యాదు ఉంటే ఆ సాయంత్రమే ముగ్గురు కూర్చుని, ఇద్దరినీ పిలిచి వినండి. అంపైరు తప్పు చేస్తే చేశాడని చెప్పండి. ఊరికే నింద వేశారని తేలితే, వేసినవాళ్ళు వేసినచోటే వెనక్కి తీసుకునేట్టు చేయండి.

ఆటలో ఇది అలవాటైతే మన సంఘాల్లోనూ అలవాటవుతుంది. ఖజానా చూసే తమ్ముడి మీద, విహారం కట్టుబడి చూసే అన్న మీద అర్ధరాత్రి వాట్సాప్‌లో ఆడియో పెట్టేవాళ్ళు మనలో లేరా? ఆ డబ్బు తిన్నాడంటే లెక్క అడగండి, కాగితం అడగండి, మీటింగులో నిలబెట్టి అడగండి. అడగడం మీ హక్కు. లెక్క చూపించడం ఆయన విధి. గొణగడం మాత్రం మెత్తియ, భుమ్మజకుల దారి. మంచి పనిమంతులు ఎంతమంది ఆ గొణుగుడుకే సంఘాలు వదిలి ఇంట్లో కూర్చున్నారో మీ ఊర్లోనే లెక్క వేసుకోండి. దబ్బుణ్ణి నిలబెట్టుకోవడానికి సంఘం మొత్తం కూర్చుంది. మనం మన దబ్బుల కోసం ఒక సాయంత్రం కూర్చోలేమా?

రేపు మీ పిల్లలు ఫోన్లో మ్యాచ్ చూస్తూ, రిఫరీ అమ్ముడుపోయాడని అరిస్తే కసురుకోకండి. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: నువ్వు చూశావా, అనుకుంటున్నావా? చూసి ఉంటే ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పమనండి, భయపడకుండా చెప్పమనండి. అనుకుంటూ ఉంటే ఆగమనండి. నాలుగో శీలం ఆ పిల్లవాడికి అక్కడ మొదలవుతుంది.

నమో బుద్ధాయ! జై భీమ్!